వేట కోసం చెప్పిన దర్శనం

మనం దాచుకున్నవన్నీ చూస్తూ కూడా మనకు ఊపిరి పోయడం మానని దేవునికి ముందుగా స్తోత్రం. ఇన్నేళ్ళు నన్ను భూమి మీద నిలిపింది ఈ నాలుగు మాటలు రాయించుకోవడానికేనేమో. అలాగైతే ఆ ఓర్పుకూ స్తోత్రం.

నా గుండె మీద ఒక బరువుంది. అది పెద్ద నేరంలా కనిపించదు. ఒక వంటగదిలో, ఉల్లిపాయలు తరుగుతున్న ఒక తమ్ముడితో నేనన్న చిన్న మాట. ఆ మాటను మోస్తూనే వాక్యం చెప్పాను, పాటలు పాడాను, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ళకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. ఇది కూడా పిరికితనమేనా? అయ్యుండొచ్చు.

మా నాన్న గోదావరి జిల్లాలో ఒక చిన్న సంఘానికి పెద్ద. మా ఇంట్లో సినిమాలు లేవు, పేకలు లేవు, లేఖనాలు తప్ప వేరే కథలు లేవు. కానీ మందిరం వెనక సామాన్ల గదిలో, ఎప్పుడో ఒక దొరసాని వదిలి వెళ్ళిన ఇంగ్లీషు పత్రికల కట్ట ఉండేది. అందులో ఒక పేజీ. ఎండిన గడ్డి, ఎర్రటి మట్టి, పొద్దుటి వెలుగు. ఒక మనిషి తుపాకి పక్కన పెట్టి, మెలితిరిగిన కొమ్ములున్న పెద్ద జింక పక్కన మోకరించి ఉన్నాడు. దాన్ని కుడూ అంటారని కింద రాసి ఉంది. ఆఫ్రికా. ఆ మనిషి ముఖంలో ఉన్న తృప్తి మా సంఘంలో ఎవరి ముఖంలోనూ నేను చూడలేదు. ఆ పేజీ కోసం మందిరం ఊడుస్తానని నేనే ముందుకొచ్చేవాణ్ణి. భక్తిగల పిల్లవాడని అందరూ మెచ్చుకున్నారు. చూశారా, అప్పుడే మొదలైంది.

పెద్దయ్యాక కూడా ఆ కోరిక పోలేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఎర్ర మట్టి కనిపించేది. వేట పాపమని నేననను. కోరిక పాపమని కూడా అనలేను. కానీ దేవునికి చెప్పకుండా దాచుకున్న కోరిక ఏమవుతుందో ఇప్పుడు నాకు తెలుసు.

మన పిల్లలు విమానాల నిండా కెనడా వస్తున్న రోజులవి. సస్కటూన్‌లో మా కాలేజీ క్లాసులో సగం తెలుగే వినిపించేది. బేస్‌మెంట్లన్నీ పరుపులతో నిండి ఉండేవి. ఆదివారాలు ఒక స్కూలు జిమ్‌లో, బాస్కెట్‌బాల్ హూప్ కింద మా తెలుగు విశ్వాసుల సహవాసం కూడేది. అక్కడ ఒక అలవాటుండేది. ఎవరూ సొంతంగా ఏదీ నిర్ణయించుకునేవారు కాదు. వర్క్ పర్మిట్‌కు ఎప్పుడు అప్లై చేయాలి, ఏ కోర్సుకు మారాలి, వచ్చిన సంబంధానికి ఏం చెప్పాలి, అన్నిటికీ ఎవరో ఒకరు దేవుని దగ్గర కనిపెట్టి మాట తేవాలి. కనిపెట్టడమంటే మోకాళ్ళ మీద మౌనంగా ఆయన కోసం ఎదురుచూడడం. నాకు వాక్యం బాగా వచ్చు. ఒకసారి ఒక చెల్లెలితో, మంచు కరిగేలోపు నీ పర్మిట్ వస్తుందన్నాను. వచ్చింది. అన్నకు దర్శన వరం ఉందన్నారు. నేను కాదనలేదు.

నాతో ఒకే గదిలో ఉండే తమ్ముణ్ణి ఇక్కడ నానీ అంటాను. ఖమ్మం వైపు పిల్లవాడు. కపటం తెలియని మనిషి అంటే ఎలా ఉంటాడో అతన్ని చూసే నాకర్థమైంది. ఊరి బయట ఒక షెడ్డులో మేమిద్దరం పార్ట్‌టైం పనిచేసేవాళ్ళం. వేటగాళ్ళు తెచ్చిన జంతువుల తలలను బతికున్నట్టు తయారుచేసి, గోడకు తగిలించుకునేలా ఇచ్చే షాపది. నేను తోళ్ళు గీకి ఉప్పు పట్టించేవాణ్ణి. నానీ గాజు కళ్ళు అమర్చేవాడు. యజమాని హెన్రీ ముసలివాడు, ఏటా ఆఫ్రికాకు వేటకు వెళ్ళేవాడు. ఆ ఏడు అతని మోకాళ్ళు మొరాయించాయి. సాయానికి ఒకరిని తన ఖర్చుతోనే వెంట తీసుకెళ్తానన్నాడు. వేసవి సెలవుల్లో, నమీబియాకు.

ఆ మాట విని నేను సింక్ దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. వెనక్కి తిరిగేసరికి హెన్రీ నానీ భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

ఆ సాయంత్రం మా వంటగదిలో నానీ ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"అన్నా, ముసలాయన నన్నే రమ్మంటుండు. నేను మా ఊర్ల ఉడుతను గూడ కొట్టలే. నన్ను జూస్తే సింహాలు నవ్వుతయ్."

"సింహాలు కాదురా అక్కడ. కుడూలు."

"ఏదైతేంది. అవి గూడ నవ్వుతయ్." ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాడు. "జోక్ కాదన్నా. నాకు పోవాలని మస్తుగుంది. అందుకే భయమైతంది. ఇంత ఇష్టమైంది దేవుడిచ్చిందేనా అని. జర కనిపెట్టి చెప్పవా? నువ్వెట్లంటే అట్లనే."

నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కార్పెట్ మీద మోకరించాను. ఇక్కడ నిజం చెప్పాలి. ఒక్క మాట కూడా వినబడలేదు. నేను అడగనే లేదు. కళ్ళు మూసుకుని ఆ పత్రిక పేజీనే చూశాను, మెలితిరిగిన కొమ్ములను చూశాను, ఆ కొమ్ముల పక్కన నానీ మోకరించడం చూశాను, చూడలేకపోయాను. కనిపెట్టినట్టు అతను నమ్మేంతసేపు అలాగే ఉండి బయటికి వచ్చాను.

"ఏమన్నడన్నా?"

"వెళ్ళొద్దన్నాడు. నీ దారిలో ఆపద చూపించాడు."

వట్టి వద్దు అంటే పలచగా ఉంటుందని ఆపద కలిపాను. నానీ కత్తి కింద పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల వల్లేనని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

"సరే అన్నా."

"బాధగా ఉందా?"

"ప్రభువు చెప్పినంక నాదేముంది." మళ్ళీ కత్తి తీసుకున్నాడు. "మరి నువ్వు పో అన్నా. ఆయన ఒక్కడే ఎట్ల పోతడు, పాపం, మోకాళ్ళు పాడైనయ్ గదా."

నేను అడగాల్సిన పని కూడా లేకుండా చేశాడు.

దేవుడు పలకనిదాన్ని ఆయన పేరు మీద పలికేవారి గురించి లేఖనం ఎంత కఠినంగా మాట్లాడుతుందో నాకు తెలియదా? సండేస్కూల్లో నేనే నేర్పాను. అన్న బట్టలు వేసుకుని గుడ్డి తండ్రి దగ్గర దీవెన దొంగిలించిన కొడుకు కథ కూడా నేర్పాను. అన్నను తెమ్మన్న వేటమాంసం ఇంత త్వరగా ఎలా దొరికిందిరా అని తండ్రి అడిగితే, నీ దేవుడే నా ముందుకు తెచ్చాడని అంటాడు ఆ కొడుకు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా పిల్లలకు గొంతు పెంచి చెప్పేవాణ్ణి. అదే మాట నేనూ అన్నాను.

ప్రయాణానికి ముందు ఆదివారం సహవాసమంతా నా మీద చేతులుంచి ప్రార్థించింది. అందరికంటే బరువుగా నా తల మీద ఉన్న చెయ్యి నానీది.

ఇక ఆఫ్రికా. నేను కోరుకున్నట్టే ఉంది. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది. అక్కడ అప్పుడు చలికాలం. పొద్దున్నే ఎముకలు కొరికే చలి, ముళ్ళపొదల వాసన, కాళ్ళ కింద ఎర్ర మట్టి. హెన్రీ తన తుపాకి నాకిచ్చి, నా పక్కన కూర్చుని, ఊపిరి బిగబట్టమని గుసగుసగా చెప్పాడు. కుడూ పొదలోంచి ఒక అడుగు ముందుకేసి ఆగింది. కాల్చాను. పడింది. కొమ్ములు పట్టుకుని పక్కన మోకరించాను, ఫొటో తీశారు. దాని కన్ను తెరిచే ఉంది. తడిగా ఉంది. ఆ మోకరింపులో నాకు తట్టిందొక్కటే. ఇంతకుముందు ఇలాగే మోకరించింది మా గదిలో, కార్పెట్ మీద. ఫొటోలో నా ముఖం చూస్తే మీరు తృప్తి అనుకుంటారు.

మర్నాడు మేమెక్కిన ఓపెన్ జీపు ఎండిన వాగు గట్టు దిగుతూ పల్టీ కొట్టింది. మిగిలినవాళ్ళు చిన్న గాయాలతో బయటపడ్డారు. నా కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతాను.

సస్కటూన్ ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీలో ఉన్న నన్ను చూసి నానీ నేల మీద కూలబడి ఏడ్చాడు.

"ఆపదుందని తెలిసి గూడ పోయినవ్. నా మీదికొచ్చేది నీ మీదేసుకున్నవ్ అన్నా."

అప్పుడు చెప్పాల్సింది. అప్పుడు చెబితే అది ఒక తమ్ముడి దగ్గర ఆడిన అబద్ధంగా మిగిలేది. నేను ఏమన్నానో తెలుసా? దేవునికి స్తోత్రం అన్నాను. మొదటి అబద్ధానికి కోరిక ఉంది. దీనికి ఏముంది? అతని కళ్ళలో నేను అంత గొప్పగా కనిపించడం నాకు బాగుంది. అంతే.

ఆ కుడూ తలను నానీయే తయారుచేశాడు. నాకు కానుకగా. గాజు కళ్ళు ఎలా అమర్చాడో గాని, గదిలో ఎటు నడిచినా నన్నే చూసేది. దుప్పటి చుట్టి బేస్‌మెంట్‌లో పెట్టాను. వచ్చినవాళ్ళు అడిగితే పురుగు పడుతుందని భయమంటాను.

నానీ చదువు మధ్యలో వదిలి దైవసేవకు వెళ్ళాడు. ఇప్పుడు కెనడా పడమటి చివర సర్రీలో ఒక తెలుగు సంఘానికి కాపరి. కొత్తగా వచ్చిన పిల్లలు స్కైట్రెయిన్ దిగి నేరుగా అతని దగ్గరికి వస్తారు. వాళ్ళకు అతను మొదట చెప్పే సాక్ష్యం ఇదే. దేవుడు ఒక అన్న నోట నన్ను ఆపాడు, ఆ అన్న నాకు తగలాల్సిన దెబ్బ తిన్నాడు. ఎంతోమంది ఆ మాట విని మోకరించారట. అబద్ధం విని మోకరించినవారి ప్రార్థన దేవుడు వింటాడా? వింటాడనే నమ్ముతున్నాను. కానీ అది నా ఘనత కాదు, నా సాకు కాకూడదు.

ఈమధ్య ఫోన్ చేశాడు. కొత్త మందిరం ప్రతిష్ఠకు రమ్మన్నాడు. "నువ్వే నీ నోటితో చెప్పాలె అన్నా. పిల్లలు నా మాట నమ్మకున్నా నీ కాలు జూసి నమ్ముతరు," అని నవ్వాడు. మాటల మధ్యలో ఒక చెల్లెలి సంగతి చెప్పాడు. మంచి ఉద్యోగం వచ్చిందట. ప్రభువు ఇంకా మాట్లాడలేదని జవాబివ్వకుండా ఆగి ఉందట. మాట తేవాల్సింది నానీయే. ఆ పని అతనికి నేర్పింది నేను.

అందుకే రాశాను. నిజం చెబితే అతని విశ్వాసం కూలిపోతుందేమోనని ఇన్నాళ్ళు భయపడ్డాను. అది ప్రేమ అనుకున్నాను. నన్ను నేను ఎంత లోతుగా తవ్వినా, అక్కడ ప్రేమ కంటే నా పేరు మీద ఆశే ఎక్కువగా కనిపిస్తోంది.

ఈ పేజీలు మీకంటే ముందు నానీకి పంపాను. చదివినట్టు ఫోన్ చూపిస్తోంది. జవాబు రాలేదు. రాకపోవచ్చు. ఆ జవాబు కోసం నేను అతన్ని తొందరపెట్టను. కుడూ మీద దుప్పటి మాత్రం తీసేశాను. ఊపిరి లోపలిదాకా వెళుతోంది. క్షమాపణ దొరికిందని కాదు. దాచడం ఆగింది, అంతవరకే.

చదివిన మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. నా కోసం కాదు. అతని కోసం, జవాబివ్వకుండా ఆగి ఉన్న ఆ చెల్లెలి కోసం.

ప్రభువా, ఆ సాయంత్రం నీవు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడింది నేను. నానీ నమ్మింది మాత్రం నిన్నే. ఆ నమ్మకాన్ని నా మాట కింద నుంచి తీసి నీ చేతుల్లో పెట్టుకో.

ఆమేన్ మీరనండి. నాకింకా నోరు రావడం లేదు.