తొట్టి అడుగున షీటు

మా ఇంట్లో చేపల తొట్టికి నేను ఇసుక వెయ్యను. వేస్తే మేతంతా అందులో కూరుకుపోయి కంపు కొడుతుంది. ఇసుక లేకపోతే అడుగు వట్టి అద్దమే. అందులో ఉన్న ఆస్కార్ చేపకేమో పొద్దస్తమానం రాళ్లను మూతితో నెట్టడమే పని. రాయి దొర్లి అద్దం మీద పడిందా, అంతే సంగతులు. అందుకే రొయ్యల చెరువుల్లో పరిచే నల్ల షీటు ముక్క కత్తిరించి అడుగున పరిచి, దాని మీద రాళ్లు పేర్చాను. ఆ చేపను వేలెడంత ఉన్నప్పుడు తెచ్చాను. అరచెయ్యంత అయింది. నా చేతిలోంచే మేత తినేది.

మా ఆయన అన్నకు, అంటే మా బావగారికి, అల్లూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పోయిన ఎండాకాలం నేను పుట్టింటికి వెళ్లొచ్చేసరికి ఆయన మా ఇంట్లో ఉన్నారు. తొట్టి తళతళలాడుతోంది. అడుగున షీటు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పంట తీశాక చెరువు నీళ్లు తోడేసి, నేల నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టడం వాళ్లకు అలవాటు. ఆ మహానుభావుడు నా తొట్టికీ అదే చేశాడు. చేపను బకెట్లో వేసి, తొట్టిని మిద్దె మీద ఎండబెట్టి, షీటు పీకి పారేసి, రాళ్లు మళ్లీ వట్టి అద్దం మీదే పేర్చి, నీళ్లు నింపి చేపను వదిలాడు.

"షీటెందుకు తీసినారు బావా?"

"దాని కింద నల్లగా పేరుకోనుందమ్మా. అడుక్కి ఎండ తగలొద్దా? గ్యాసు పుట్టి చేప చచ్చిపోద్ది."

"మంచికే గదా చేసినాడు, ఊరుకో" అంది మా అత్త.

ఆ మంచి మండిపోను! షీటు కోసం దొడ్లోకి పరిగెత్తాను. చెత్తలో దొరికింది. కడుగుతుండగానే లోపల టప్పుమని చప్పుడు. వచ్చి చూస్తే హాలంతా నీళ్లు, తొట్టి అడుగు రెండు ముక్కలు. చేప సోఫా కిందకు జారిపోయింది. తీసి బకెట్లో వేశాను. ఎంతసేపు చూసినా కదల్లేదు.

"చేపే గదమ్మా, రేపు నెల్లూర్లో రెండు కొనిస్తా" అన్నారు బావగారు.

అంతకు ముందటేడు తెల్లమచ్చ రోగమొచ్చి ఆయన చెరువు మొత్తం పోయింది. ఆయన గట్టు మీద తల పట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు.

"మీ చెరువు పోయిననాడు, రొయ్యలే గదా బావా అని ఎవురన్నా అన్నారా?" అన్నాను.

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయారు. అనకూడని మాట అన్నానని మా ఆయన ఇప్పటికీ సాధిస్తాడు. ఏం, అందులో అబద్ధమేముంది?