నస మాస్టారి చీటీలు

నస మాస్టారు పళ్ళు తోముకోవడం మర్చిపోయిన రోజులున్నాయేమో గానీ, ఫిర్యాదు చీటీ రాయని రోజు లేదు. ఆయన ఆ ఇంట్లో ఉన్న పది నెలల్లో రాసిన చీటీలన్నీ కలిపితే మంచి దిండు కుట్టించుకోవచ్చు.

అది మామూలు ఇల్లు కాదు. ఏవేవో దేశాల నుంచి పెద్ద చదువులు చదివినవాళ్ళు, బొమ్మలు చెక్కేవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు వచ్చి, నెలల తరబడి ఉండి, వాళ్ళ పని వాళ్ళు చేసుకుని వెళ్ళే ఇల్లు. ఫెలోషిప్ అంటారు దాన్ని. పన్నెండు గదులు. గదిలో ఏదైనా పాడైతే చీటీ రాసి ఆఫీసు గుమ్మం పక్కనున్న మేకుకి గుచ్చాలి. మేస్త్రీ వచ్చి పని చేసి, చీటీ కింద సంతకం పెట్టి మేనేజరమ్మకి ఇవ్వాలి. అదీ పద్ధతి.

మేస్త్రీ ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. కొళాయిలు, తలుపులు, పైకప్పు, బాయిలరు అన్నీ ఒక్కడే చూసేవాడు. యాభై దాటాయి. మెట్లెక్కితే ఎడమ మోకాలు కిర్రుమనేది. బాయిలరు వెనకాల ఒక గది ఇచ్చారు. అందులో అతనూ, ఆయాసంతో లేవలేని అతని పెళ్ళామూ. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది.

నస మాస్టారిది రెండో అంతస్తులో చిట్టచివరి గది. ఆ మోకాలికి అదే దొరికింది మరి. మూతపడిన మిల్లుల మీద ఏదో పుస్తకం రాయడానికి వచ్చాడాయన. రాసేది పుస్తకమా, చీటీలా అన్నది మొదట్లో ఎవరికీ తెలియలేదు.

"కొళాయి కారుతోందని రాశారు, ఎక్కడ సార్ కారేది?" అన్నాడు మేస్త్రీ మొదటి రోజు.

"ఇందాక కారింది. నిన్ను చూసి జడుసుకున్నట్టుంది."

"మరి నేనేం చెయ్యను?"

"చూశావుగా. సంతకం పెట్టు."

మర్నాడు కుర్చీ ఊగుతోందని చీటీ. మేస్త్రీ వంగి చూశాడు. కుర్చీ బాగానే ఉంది, నేలే కాస్త వంకర. కాలి కింద చెక్కముక్క పెట్టి లేవబోతుంటే మాస్టారు ఆపాడు.

"కుర్చీ చూశావు, అదొక పని. నేల చూశావు, అదింకో పని. రెండు చీటీలు రాస్తా, ఆగు."

ఇంకోసారి హీటరు చప్పుడు చేస్తోందన్నాడు. బాగుచేశాడు. తెల్లారేసరికి ఇంకో చీటీ: హీటరు చప్పుడు చెయ్యట్లేదు, బతికుందో చచ్చిందో తెలియట్లేదు.

"ఆ ముసలాయన నా పాలిట జోరీగలా దాపురించాడే," అని పెళ్ళాం దగ్గర మొత్తుకునేవాడు మేస్త్రీ.

"ఇంట్లో ఎవరూ లేక నీతో కబుర్లు కావాలేమోనయ్యా," అనేదామె, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ.

అదే ఏడు ఆ ఇంటికి చెడ్డ రోజులొచ్చాయి. మాస్టారు వచ్చిన రెండో వారంలో బట్టలుతికే ఆవిణ్ణి తీసేశారు. పదిహేనేళ్ళ మనిషి. చేతిలో ఒక కాగితం పెట్టి పంపేశారు. తరవాత తోటమాలి. అతను పార గోడకి ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. ఎవరో ఫిర్యాదు చేసుంటారు, అందుకే తీసేశారు అనుకున్నాడు మేస్త్రీ.

ఒకరోజు మేనేజరమ్మ పిలిచింది. ఆవిడ చెడ్డది కాదు, నోట్లో నాలుక లేని మనిషి.

"మేస్త్రీ, నెలాఖరుకి పై ఆఫీసువాళ్ళు వస్తున్నారు. నీ చీటీలన్నీ తీసి చూస్తారట. చూసి, నిన్ను ఉంచాలో తియ్యాలో తేలుస్తారు."

మేస్త్రీ ఆవిడ బల్ల మీదున్న చీటీల కట్ట వంక చూశాడు. దాని నిండా నస మాస్టారి చీటీలే. ఇన్ని ఫిర్యాదులు చూస్తే ఏమనుకుంటారు? చేతకాని వెధవ, ఇంటిని పాడుపెట్టాడు అనుకోరూ?

ఆ రోజు నుంచి గదిగదికీ వెళ్ళి బతిమాలుకోవడం మొదలుపెట్టాడు. "అయ్యా, ఏదైనా పాడైతే నోటితో చెప్పండి, చిటికెలో చేసేస్తా. చీటీ మాత్రం రాయకండి." పాటలాయన సరేనన్నాడు. బొమ్మలమ్మ ఉలి ఆపకుండానే తలూపింది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఒక్క చీటీ రాసిన పాపాన పోలేదు.

చివరికి నస మాస్టారి గది.

"సార్, మీకు దణ్ణం పెడతా. మీరు వెళ్ళేదాకా చీటీలు ఆపండి. నా పొట్ట కొట్టకండి."

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "చీటీ లేకుండా నా గదిలో చెయ్యి పెట్టావంటే ఊరుకోను. అన్నట్టు, అలమార తలుపు జారిపోయింది. ఇదిగో చీటీ."

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. అలమార బిగించి, పళ్ళు కొరుక్కుంటూ సంతకం పెట్టి, మెట్లన్నీ దిగి వచ్చేశాడు. తీరా వచ్చాక స్క్రూడ్రైవరు పైనే మర్చిపోయానని గుర్తొచ్చింది. మళ్ళీ ఎక్కాడు. తలుపు తోసి చూస్తే, మాస్టారు నేల మీద మోకాళ్ళేసుకుని కూర్చుని, ఇందాక బిగించిన స్క్రూనే వెన్న రాసుకునే చాకుతో విప్పుతున్నాడు.

మేస్త్రీ తలుపు మూసి లోపలికొచ్చాడు.

"ఏంటి సార్ ఇది?"

"రేపటి చీటీ," అన్నాడు మాస్టారు.

"ఎందుకు సార్ నా మీద ఇంత కక్ష?"

మాస్టారు చాకు కింద పెట్టి, అలమారకే ఆనుకుని కూర్చున్నాడు. "బట్టలుతికే ఆవిడ తన కాగితం నా దగ్గరికే తెచ్చి చదివించుకుంది. అందులో ఏముందో తెలుసా?"

"ఎవరో ఫిర్యాదు చేశారని."

"కాదు. ఆవిడ పేరు మీద రాసి ఉన్న పని ఏమీ లేదని. అంతే. నేను ముప్పై ఏళ్ళుగా మిల్లుల్లోంచి తీసేసినవాళ్ళ కాగితాలు చదువుతున్నా. బాగా పనిచేసేవాణ్ణే ముందు పంపుతారు మేస్త్రీ. వాడుంటే ఏదీ పాడవదు. ఏదీ పాడవకపోతే వాడెందుకు అంటారు. నువ్వేమో దారిన పోతూ పోతూ అన్నీ బాగుచేసి పారేస్తావు. పోయినేడు మొత్తం నీ చీటీలు పంతొమ్మిది. మేనేజరమ్మని అడిగి చూశా."

మేస్త్రీ కూడా నేల మీద చతికిలబడ్డాడు. "ముందే చెప్పొచ్చు కదా సార్."

"చెబితే నువ్వు నటించలేవు. నన్ను తిట్టుకుంటూ మెట్లు దిగుతావు చూడు, అదే బాగుంది."

"మీరు ఈ వారంలో వెళ్ళిపోతున్నారు కదా. మళ్ళీ కాలేజీకేనా?"

"మా విభాగం ఎత్తేశారు. మొన్న ఉత్తరం వచ్చింది. అక్కడ నా పేరు మీదా పని లేదట." మాస్టారు నవ్వి, చాకు తీసుకుని రెండో స్క్రూ మొదలుపెట్టాడు. మేస్త్రీ ఆ చేతిలోంచి చాకు తీసేసి, తన స్క్రూడ్రైవరు ఇచ్చాడు.

మాస్టారు వెళ్ళిన రోజు కూడా ఊరుకోలేదు. టాక్సీ తలుపు సరిగ్గా పడట్లేదని డ్రైవరుతో గొడవపెట్టుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. ఆ పెట్టెతో ఎక్కడికి పోతాడో ఆయనకైనా తెలుసో లేదో.

మర్నాడు మేకు బోసిగా ఉంటుందని గుండె రాయి చేసుకుని వచ్చాడు మేస్త్రీ. చూస్తే మేకు వంగిపోయి ఉంది. పదకొండు గదుల నుంచీ చీటీలు. పాటలాయన గదిలో గొళ్ళెం ఊడింది. ఒకాయనకి బల్ల సొరుగు రావట్లేదు, ఇంకొకాయనకి వచ్చిన సొరుగు పోవట్లేదు. వెళ్ళే ముందు రోజు మాస్టారు గదిగదికీ తిరిగాడని అప్పుడు తెలిసింది. పై ఆఫీసువాళ్ళు రావడానికి ఇంకా పదిరోజులుంది, ఆ పదిరోజులూ మేస్త్రీ మోకాలికి తీరికలేదు.

పై ఆఫీసు నుంచి కోట్లు వేసుకుని ఇద్దరొచ్చారు. చీటీలు లెక్కపెట్టారు, మళ్ళీ లెక్కపెట్టారు. నాలుగొందల డెబ్బై. సంతకం లేనిది ఒక్కటీ లేదు.

"ఇల్లు బాగా పాతబడిపోయింది," అన్నాడొకాయన.

"మనిషి లేకపోతే కూలిపోయేలా ఉంది," అన్నాడు రెండో ఆయన.

ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు. మేస్త్రీ వెళ్ళి పెళ్ళానికి చెప్పాడు. ఆమె గోడ వైపు తిరిగి కాసేపు ఊపిరి తీసుకుంది. "అయితే పది నెలలు ఆ పెద్దమనిషిని నువ్వు తిట్టిన తిట్లన్నీ దండగేనన్నమాట," అంది.

ఆ సాయంత్రం మేకుకి కొత్త చీటీ ఒకటి వచ్చింది, బొమ్మలమ్మది. కిటికీ రెక్క ఊడిందట. వెళ్ళి చూస్తే రెక్క ఊడటం కాదు, ఉలితో పొడిచి పొడిచి చట్రమంతా గుల్ల చేసిపెట్టింది. ఆవిడ తప్పు చేసినట్టు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

మేస్త్రీ ఆ చట్రాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. తరవాత సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"పొడవకూడదమ్మా, చెక్క పాడవుతుంది. ఇదిగో, ఇలా ఎడమకి తిప్పాలి. నెమ్మదిగా. మూడు చుట్లు చాలు, మిగతాది గాలే చూసుకుంటుంది."