అమ్మమ్మ బైండు చేసిన కోటు

మా అమ్మమ్మ చేతికి విడి కాగితాలు చిక్కితే వాటి స్వేచ్ఛ అంతటితో సరి. వయసంతా బైండింగ్ షాపులో గడిపిన మనిషి. ఒకసారి గాలికి ఎగిరొచ్చిన కరపత్రాలను కిటికీలోంచి ఒడిసి పట్టి, అవి నేల తాకేలోపు అట్టతో సహా పుస్తకం చేసేసింది. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి కాదనేవాడు లేడు.

మా పిన్ని, అంటే ఆవిడ చిన్నకూతురు, మేడమీద గదిలో కోట్లు కుడుతుంది. కోటు ముక్కలను కంప్యూటర్లో గీసి, మామూలు కాగితాల మీద ప్రింటు తీసి, చుట్టూ గీత బయటి తెల్ల అంచులు కత్తిరించి, నేలమీద పక్కపక్కనే అతికిస్తుంది. అదే గుడ్డ కత్తిరించడానికి కొలత. ఇంట్లో ఉన్నది అన్నిటికన్నా చవకరకం లేజర్ ప్రింటర్. దానికి ఉన్నది ఒకే ఒక్క వైరు. ఆ వైరు కింద అమ్మమ్మ గదిలోని ముసలి కంప్యూటర్‌కు ఉంటుంది. పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు ఎక్కీ దిగీ పిన్ని మోకాళ్లు అరిగిపోతుంటే నా గుండె కరిగింది.

చదువు నన్ను భరించలేక మధ్యలో మానేసింది గానీ, వైర్లకు మాత్రం నేనంటే భయం. కింది కంప్యూటర్లో ప్రింటర్‌ను అందరికీ పంచమని ఒక టిక్కు పెట్టాను. మేడమీది ల్యాప్‌టాప్‌ను అదే వైఫైలోకి తెచ్చి, ఆ ప్రింటర్‌ను వెతికి కలిపాను. రెండు నిమిషాల పని. పొద్దుగూకిందని పిన్ని అంటుంది, ఆవిడ గడియారం నమ్మదగ్గది కాదు.

ఒక్కటే చిక్కు. కింది కంప్యూటర్ కునుకు తీస్తే పైనుంచి పంపింది రాదు. ఆ కునుకు మాన్పే సెట్టింగు ఎక్కడుందో నాకు తెలుసు, కానీ పెద్దావిడకు కాలక్షేపం ఉండాలని చెప్పలేదు. అమ్మమ్మ కుర్చీ వేసుక్కూర్చుని, కాసేపటికోసారి మౌస్ కదిపేది. "లే నాయనా, పట్టపగలు నిద్రేంటి" అని మందలించేది కూడా.

అంతా సవ్యంగా ఉండగా పిన్నికి పెద్ద బేరం తగిలింది. నాటకాల కంపెనీ పెద్దాయన మర్నాడు సాయంత్రం తన హీరోను వెంటబెట్టుకొస్తానన్నాడు. ఇచ్చిన కొలతలకు తాత్కాలికంగా పచ్చికుట్లు వేసిన కోటు ఆ హీరో ఒంటికి కుదిరితే బృందం మొత్తానికీ పిన్నే కుట్టాలి. కుదరకపోతే వేరే దర్జీ. పొద్దున్నే పిన్ని పైనుంచి ప్రింటు కొట్టి, గుడ్డ ఇస్త్రీ చేసి, కిందికి దిగింది.

"అమ్మా, కాగితాలేవీ?"

అమ్మమ్మ రెండు చేతులతో అందించింది. జిగురు ఇంకా తడిగా ఉన్న పుస్తకం.

పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంటమ్మా?"

"కాగితం మూలన వరసగా నంబర్లున్నాయి. నంబర్లున్న కాగితాలు పుస్తకానికి కాకపోతే దేనికే?"

"అవి పక్కపక్కన పేర్చడానికి. అది కోటమ్మా."

"కోటుకు పేజీలేంటి?" అని అమ్మమ్మ నావైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వు కలిపిన వైరులో ఏదో తిరకాసుంది."

మళ్లీ ప్రింటు కొడదామంటే ప్రింటర్లో సిరా పొడి అయిపోయి ఎర్రలైటు వెలిగింది. పొడి దొరికే షాపు మధ్యాహ్నానికి గానీ తెరవరు, అప్పుడు మొదలెడితే సాయంత్రానికి కోటు కాదు. పిన్ని నేలమీద కూలబడి, "వేరే దర్జీకి ఫోన్ చేసుకోమని చెప్పేస్తా" అంది. తమాషాగా అనలేదు. 

అమ్మమ్మ పుస్తకం తెరిచి చూసింది. "గీత ఉంది కదాని గీత మీదే కోశాను మూడువైపులా. ఆ గీత దేనికి?"

పిన్ని తల ఎత్తింది. పుస్తకం లాక్కుని అంచు వేలితో తడిమింది. కత్తెరతో తను ఒక్కో కాగితం అంచు తీస్తూ సగం పూట పోగొట్టుకునే పని అది. వెంట్రుకవాసి తేడా లేకుండా అయిపోయింది.

"అమ్మా, వెన్ను వైపు కూడా గీత మీద కోసేయ్."

"కట్టిన పుస్తకాన్ని నా చేత్తో నేనే కోయాలా?"

"నా బేరం నీ చేతిలో ఉందమ్మా."

అమ్మమ్మ ఇనుప బద్ద ఆనించి, కత్తి రెండుసార్లు లాగింది. జిగురు పట్టిన వెన్ను పక్కకు రాలి, కాగితాలన్నీ ఒక్కసారిగా విడిపోయాయి. నేలమీద పేరిస్తే అతుకు ఎక్కడుందో నా డేగకళ్లకే కనపడలేదు. నలభై మైళ్ల అవతల వాలిన ఈగ లింగభేదం చెప్పే కళ్లవి.

మధ్యాహ్నం కాకముందే గుడ్డ తెగింది. సాయంత్రం హీరో కోటు తొడుక్కుని, చేతులెత్తి, కత్తి దూసినట్టు ఒంగి, గిరగిరా తిరిగాడు. భుజం దగ్గర ఒక్క ముడత లేదు.

కంపెనీ పెద్దాయన చుట్టూ నడిచి చూసి, "మిగతావాళ్లకు కూడా మొదలుపెట్టండమ్మా" అన్నాడు.

పిన్ని వాళ్లమ్మను గట్టిగా వాటేసుకుంది. అమ్మమ్మ ఊపిరాడక విడిపించుకుని, ఆయన్ని అడిగింది: "అందరివీ కలిపి ఒకే సంపుటమా, విడివిడిగానా?"