పుట్టింటి హీటరు

మా అత్తకు మోకాళ్ళ నొప్పి. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి చీరలు నేసే గుంతమగ్గంలో కాళ్ళాడించిన మోకాళ్ళవి. ఆ సంగతి హిందూపురంలో ఉండే మా తమ్ముడితో ఒకసారి అన్నాను. వాడు మరుసటి వారమే బకెట్లో వేసే హీటరు కొని ధర్మవరం తెచ్చి ఇచ్చాడు. పదిహేను వందల వాట్లది. తెచ్చింది ఆమె మోకాళ్ళ కోసమేనన్న మాట ఎవరూ మరిచిపోకూడదు.

మూడో రోజుకే అత్త మొదలుపెట్టింది.

"ఎంతసేపు పెట్టినా గోరువెచ్చగానే ఉండాయి నీళ్ళు. మీ తమ్మునికి ఎవరో డూప్లికేటు అంటగట్టినట్టుండారు. ఆదివారం వస్తాడు కదా, వాని చేతికే ఇచ్చి పంపు."

పుట్టింటివాళ్ళు ఇచ్చినదాన్ని తిరిగి వాళ్ళ చేతిలోనే పెట్టడమంటే ఏమిటో ఆమెకు తెలియక కాదు. నాకు జడ వేస్తూ అన్నది ఆ మాట. జడ మాత్రం ఎప్పటిలాగే ఒక్క వెంట్రుక జారకుండా వేసింది. అదీ గుర్తుంది.

పదో తరగతిలో ఓల్టులను ఆంపియర్లతో భాగించి నిరోధం కట్టాను. చివర ఓమ్ అని రాయలేదని సైన్సు సారు ఒక మార్కు కోశాడు. ఆ మార్కు నాకింకా రావాలి. లెక్క మాత్రం మరవలేదు. హీటరు మీద 230 ఓల్టులు, 1500 వాట్లు అని ఉంది. 230ని 230తో గుణించి 1500తో భాగించాను. ముప్పై అయిదు ఓములకు కాస్త పైన వచ్చింది. హీటరు అసలుదైతే ఇంట్లో కొలిచినా అంతే రావాలి.

వీధి చివర మోటారు వైండింగు షాపాయన దగ్గర క్లాంపు మీటరు అడిగి తెచ్చాను. దాని కొక్కెంలో వైరు పెడితే ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. హీటరు వేసి, దాని వైరుకు తగిలించాను. బకెట్లో చిన్న బుడగలు లేస్తున్నాయి, మీటరేమో సున్నా.

అత్త తొంగి చూసింది. "బలే హీటరే! కరెంటు కూడా తినదు."

ఈ మాట కూడా పక్కన పెట్టుకుని షాపాయన్ని పిలుచుకొచ్చాను. ఆయన చూసి నవ్వాడు.

"ఏమక్కా, పోయే తీగ, వచ్చే తీగ రెండూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకదాన్నే పట్టల్ల."

మెయిన్ ఆపి, బోర్డు విప్పి, ఒక్క తీగకే మీటరు తగిలించి మళ్ళీ వేశాడు. 4.8 ఆంపియర్లు. హీటరు నడుస్తుండగానే ఓల్టులు కూడా చూడమన్నాను. 170.

భాగించాను: 35.4 ఓములు. గుణించాను: 816 వాట్లు.

"అత్తా, హీటరు అసలుదే. మనకు రావలసినన్ని ఓల్టులు రావడం లేదు. అందుకే సగం పనికి కొంచెం ఎక్కువ చేస్తాండాది, అంతే."

"అంటే తప్పు మా ఇంటిదంటావు?"

"మనింటిది, అత్తా."

ఆమె లోపలికి పోయింది.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. అత్త హీటరును ఏ సంచిలో పెట్టి ఇస్తుందోనని చూస్తున్నాను. ఆమె వాడి కంచంలో రెండో ఓళిగ వేసి, "ఏమప్పా, మంచిది తెచ్చినావు. మా లైనులోనే ఓల్టేజి లేదంట. మీ అక్క లెక్కేసి చెప్పింది. ఈ వీధిలో ఆ లెక్క ఇంకెవరికీ రాదులే" అన్నది.

అదే మాట నాతో ఇంతవరకూ అనలేదు. నేను ఆ పక్కనే, నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను.