ఊరందరికీ ఒకే నెంబరు

అక్క పోయిన సంగతి అక్క ఫోనుకే వచ్చింది. ఆ పొద్దున నేను ఆమె బట్టలు తీసుకుపోదామని నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఉన్నాను. తోడున్న ఆమె తమ్ముడు టీ తాగడానికి కిందికి దిగాడట. ఆసుపత్రివాళ్ళు రాసుకున్న నెంబరు ఆమెదే, ఫోను నా చేతిలో ఉంది. "పేషెంటు తాలూకా వాళ్ళేనా?" అని ఒక ఆడపిల్ల గొంతు అడిగింది. అవునన్నాను. మా జాలరి కుప్పానికి ఏ చెడ్డ కబురైనా ముందు ఆ ఫోనుకే వచ్చేది. ఇదీ అలాగే వచ్చింది.

ఆమె నాకు తోడబుట్టింది కాదు, పక్కింటి మనిషి. కోట టౌనుకు తూర్పున సముద్రం ఒడ్డునే మా ఇళ్ళు. మగవాళ్ళ ఫోన్లు వాళ్ళతోపాటే వేటకు పోతాయి, తడిసి పాడవుతాయి, ఊరికే నెంబర్లు మారతాయి. ఆడవాళ్ళలో చాలామందికి చదువు రాదు. అక్కకు చదవడం వచ్చు. ఆమె ఇల్లు ఇసక దిబ్బ మీద ఉంది కాబట్టి సిగ్నలు బాగా అందేది. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆసుపత్రిలో, బ్యాంకులో, గ్యాసు ఆఫీసులో, ఎక్కడ నెంబరు అడిగినా అందరం ఆమె నెంబరే చెప్పేవాళ్ళం. మొగుడి నెంబరు తెలియనివాళ్ళకు కూడా అది నోటికి వచ్చు. మా రక్తపరీక్షలు, మా కాన్పులు, మా ఖాతాలు, అన్నీ తీసుకుపోయి ఒక్క మనిషి చేతిలో పెట్టాం. తెలివితక్కువ పనే. ఆ మనిషి ఆమె కాబట్టి బతికిపోయాం.

అలాగని ఆమె నోరు కట్టుకుని కూర్చునే రకం కాదు. ఎవరి కోడలు పులుసు మాడబెట్టిందో, ఎవరి మొగుడు తాగి పడవ కింద పడుకున్నాడో సాయంత్రానికి వీధంతా చెప్పేది. ఫోనులో వచ్చిన మాట మాత్రం ఒక్కటి కూడా బయటికి పొక్కలేదు. "నా కంటితో చూసింది నాది, చెప్పుకుంటా. ఫోన్లో వచ్చింది అట్ట కాదు మే, అది మీది" అనేది.

మంచి కబురైతే దిబ్బ మీద నుంచే కేకేసేది. చెడ్డదైతే నడిచి వచ్చేది. గడప మీద కూర్చుని, "కాసిని నీళ్ళియ్యి మే" అని అడిగి, తాగి, గ్లాసు పక్కన పెట్టి అప్పుడు చెప్పేది. విన్నవాళ్ళు తేరుకునేదాకా లేచేది కాదు. మా అమ్మ కిడ్నీలు చెడిపోయాయని చెప్పిన రోజు, పొయ్యి మీద అన్నం కూడా ఆమే దించింది.

కొన్నాళ్ళకు జనం ఇది కనిపెట్టారు. ఆమె ఎవరింట్లో నీళ్ళడిగితే ఆ ఇంటికేదో వచ్చిందని గుసగుసలు మొదలయ్యాయి. అది తెలిసినప్పటి నుంచి ఆమె అన్ని ఇళ్ళలోనూ నీళ్ళడగడం మొదలుపెట్టింది. గ్యాసు మెసేజికీ నీళ్ళే, ఉత్త పలకరింపుకీ నీళ్ళే.

"ఏందక్కా, అది కడుపా, కుండా?" అని ఏడిపించేదాన్ని.

"గమ్మునుండు మే. తాగేది నేను, నొప్పి నీకా?"

ఇక చెప్పడానికి మనసొప్పని సంగతి. టౌనులో ల్యాబులో పనిచేసే ఒకతను, మా కుప్పంలో ఎవరికో అంటుజబ్బు ఉందని మా పెద్దల్లో ఒకాయనతో నోరుజారాడు. పేరు చెప్పలేదు, రిపోర్టు పోయిన నెంబరు చెప్పాడు. బజారులో తెలిస్తే మా గంపల్లో చేపలు ఎవరూ కొనరని పెద్దలకు భయం. పడవల దగ్గర కూటం పెట్టి ఆమెను పిలిచారు.

"ఊరి మంచికే అడగతుండాం. ఎవరిదో చెప్పు."

"ఎవరిదో వాళ్ళకి చెప్పినా. మందులు మింగతుండారు. ఇంక మీకెందుకన్నా?"

"అయితే ఫోనియ్యి."

"ఇయ్యను."

దురాయి పెట్టారు. ఎవరూ ఆమెతో మాట్లాడకూడదు, నిప్పు గానీ నీళ్ళు గానీ ఇవ్వకూడదు. ఇంటింటా నీళ్ళడిగి తాగిన మనిషి కుళాయి దగ్గర అందరూ పోయేదాకా బిందెతో దూరంగా నిలబడేది. చెప్పలేదంటే ఆ జబ్బు ఆమెదేనని ఊరు తేల్చేసింది. బజారులో వాడుకవాళ్ళు కూడా ఆమె గంప ముందు ఆగడం మానేశారు. నేను దొడ్డి కంచె మీదుగా బిందె అందిస్తూ, "నాది కాదని ఒక్క మాట అనక్కా" అని బతిమాలాను. "నాది కాదంటే, ఇంక మిగిలినోళ్ళని ఏరతారు మే" అంది.

ఆ దురాయిని ఎవరూ ఎత్తెయ్యలేదు. పెద్దల మెసేజిలు కూడా ఆమె ఫోనుకే రావాలి కదా, మెల్లగా అదే సడలిపోయింది. పింఛను ఓటీపీ నెంబరు కోసం ఆ పెద్దాయనే దిబ్బ ఎక్కి వస్తే, ఆమె ఏమీ అనకుండా చదివి చెప్పింది. నేనైతే చెప్పి ఉండేదాన్ని కాదు. ఆ రిపోర్టు ఎవరిదో నాకు ఈరోజుకీ తెలియదు. నాది మాత్రం కాదు. వాళ్ళు మా మధ్యే తిరుగుతున్నారు, వాళ్ళ చేపలు అమ్ముడుపోతున్నాయి.

ఆ మధ్య, మనుషుల సొంత వివరాలు అనుమతి లేకుండా బయటపెట్టకూడదని చట్టం వచ్చిందని పేపర్లో చూసి ఆమెకు చదివి వినిపించాను. శ్రద్ధగా వింది. "మంచిదే. ఆ ల్యాబు అబ్బయ్యకి ఎవురన్నా చదివి చెప్పినారా?" అంది.

ఆసుపత్రిలో చేర్చిన రెండోనాడు ఫోను నా చేతిలో పెట్టింది. "లోపల చూడబాక. మొత్తం చెరిపెయ్యి" అంది. ఆమె చూస్తుండగానే చెరిపేశాను. ఇప్పుడు సిమ్ము నా దగ్గరుంది. ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుపోయి వాళ్ళ సొంత నెంబర్లు రాయిస్తున్నాను. మొన్న కౌంటరులో నన్ను అడిగితే నా నోటికి కూడా ఆమె నెంబరే వచ్చింది.

ఆమె జబ్బు పేరు ఇక్కడ రాయను. డాక్టరు మాత్రం నా మీద విసుక్కున్నాడు. "ఎండాకాలంలోనే రిపోర్టు మీ నెంబరుకు పంపాం కదమ్మా, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అన్నాడు. నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఇంకా పోలేదు. మా అందరికీ చెడ్డ కబురు మోసుకొచ్చి పక్కన కూర్చోవడానికి ఒక మనిషి ఉండేది. ఆమె కబురు ఆమె ఒక్కతే చదువుకుంది.

ఎండాకాలం అనగానే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. నేను గడప పక్కన చేపలు తోముతున్నాను. వచ్చి కూర్చుని నీళ్ళడిగింది. చేతులు కడుక్కుని ఇచ్చాను. తాగింది గానీ గ్లాసు పక్కన పెట్టలేదు.

"ఎవరిదక్కా? మాదా?"

"మీది కాదులే మే. దప్పికైంది."

"ఇంకాసిని పొయ్యనా?"

"పొయ్యి" అంది. పోశాను. ఆ రెండో గ్లాసు తాగలేదు. రెండు చేతులతో పట్టుకుని, నేను చేపలు తోమడం అయ్యేదాకా అక్కడే కూర్చుంది.