కింది గేటు

కుర్మయ్యకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం కూడా నిలబడే తింటాడు. ఒకప్పుడు బావులు తవ్విన మనిషి, ఇప్పుడు శంషాబాద్ చుట్టుపక్కల కోళ్ల దాణా మిల్లులన్నీ కాలుగాలిన పిల్లిలా మోపెడ్ మీద తిరుగుతుంటాడు. మొక్కజొన్న నింపిన ఇనుప గాదెల కింద నిలబడి, గింజలు వదిలే గేటుకు తాళం వెయ్యమని చెప్పిందే చెబుతాడు. వాచ్‌మన్లకు అతనొక తలనొప్పి. కానీ గింజల్లో మనిషి దిగబడితే మొదటి ఫోను అతనికే. ఇప్పటికి ముగ్గురిని బతికించాడు.

బతికించుకోలేనిది అన్న సత్తయ్యను. పదకొండేళ్ల కిందట ఇద్దరూ పనిచేసే మిల్లులో, గడ్డకట్టిన గింజలను కర్రతో పొడవడానికి గాదెలోకి దిగి సత్తయ్య నడుము దాకా కూరుకుపోయాడు. గింజలు తగ్గితే అన్న పైకి తేలుతాడనుకుని కుర్మయ్య గేటు తెరిచాడు. గింజలతోపాటు అన్నా కిందికే పోయాడు. ఆ గందరగోళంలో తెరిచిందెవరో ఎవరూ చూడలేదు. వదిన అమృతమ్మ అడగలేదు, ఇతను చెప్పలేదు. ఆ పాపం అతన్ని ఒకచోట నిలవనియ్యదు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఫోను చేసింది అమృతమ్మే. మంఖాల్ దగ్గర మిల్లులో ఊడ్చే పని చేస్తోంది. నవీన్‌కుమార్ అనే హమాలీ గాదెలో ఛాతీ దాకా దిగబడ్డాడని చెప్పింది.

“గేటు ఎవ్వర్నీ ముట్టనియ్యకు వదినా. అడ్డం కూసో. నేనొస్తున్న.”

విమానాశ్రయం రోడ్డు మీద లారీలు దారివ్వలేదు. మోపెడ్‌ను, లారీలను, తనను తాను తిట్టుకుంటూ పోయాడు. వదినను పక్కకు నెట్టి ఎవడైనా గేటు తిప్పితే?

అక్కడికి చేరేసరికి గాదె పైన నలుగురు నవీన్‌కు తాడు కట్టి లాగుతున్నారు. భుజాలు ఊడతాయి కానీ మనిషి రాడని కుర్మయ్య ఆపించాడు. తాడు జారకుండా పట్టుకుంటే చాలన్నాడు. ఇసుక నేలలో బావి తవ్వేటప్పుడు ముందు సిమెంటు రింగు దింపి, లోపలి ఇసుక తోడతారు. అతనికి తెలిసిన విద్య అదొక్కటే. షెడ్డు రేకులు నాలుగు ఊడదీయించి, గింజల మీద పలకలు పరిపించి, నవీన్ చుట్టూ రేకులను నిలువునా దిగ్గొట్టాడు. బయటి గింజలు లోపలికి రాకుండా ఆగాయి. లోపలివి డబ్బాలతో తోడారు. గంటంపావుకు నవీన్ మోకాళ్లు కనిపించాయి. ఇంకో పది నిమిషాలకు మనిషి బయటపడ్డాడు.

అంబులెన్సు వెళ్లాక సూపర్‌వైజర్ అరుణ్‌కుమార్ దగ్గరికొచ్చి, చెవిలో చెప్పినట్టు అన్నాడు:

“అన్నా, అమృతమ్మక్క అడ్డం కూసోకముందే నేను గేటు జర తిప్పిన. నడుము కాడున్నోడు ఛాతీ దాక దిగిండు. ఎవ్వరికీ చెప్పలే.”

నాలుగడుగుల దూరంలో అమృతమ్మ గేటుకు వీపు ఆనించి ఇంకా కూర్చునే ఉంది. కుర్మయ్య ఆమెను చూశాడు. గొంతు తగ్గించలేదు.

“నువ్వు జర తిప్పినవ్ సారూ. నేను మొత్తం తిప్పిన. లోపల మా అన్న ఉండె.”