చిన్నాన్న అసలు రంగు

తొమ్మిదో తరగతిలో, అదీ డ్రాయింగుతో సహా తప్పి బడి వదిలేసిన నన్ను రంగులు దిద్దే ఉద్యోగంలో పెట్టుకున్నారంటే, ఆ రోజుల్లో రాయపూర్ దగ్గరి మా సుపేలాలో మనుషులకు ఎంత కరువుండేదో మీరే ఊహించుకోండి. గోడంత ఫోటోలు ప్రింటు చేసే షాపు అది. యజమానిని గురూజీ అనేవాళ్లం (ఆయన నేర్పిందేమీ లేదు, గల్లాపెట్టె వెనక కూర్చునే తీరు అలా ఉండేది). ఆయన రంగుల శాస్త్రమంతా ఒక్క ముక్క: వచ్చినవాణ్ని తెల్లగా చేసి పంపు. పెళ్లికొడుకైనా, పోయిన తాతగారైనా మా మిషన్‌లోంచి బయటికొచ్చేసరికి సున్నం కొట్టిన గోడలా ఉండేవారు. జనానికీ అదే ఇష్టం. తమ ముఖాన్ని తామే గుర్తుపట్టలేకపోతే "బఢియా హై భయ్యా" అని మెచ్చుకుని మరీ వెళ్లేవారు.

వాళ్లంటే నాకు మహా చులకన. ఫోన్లో వీడియోలు చూసి కలర్ మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాను. ఒక్కో కాగితం సిరాను ఒక్కోలా పీలుస్తుంది. ఆ తేడాను ముందే లెక్కగట్టి సరిదిద్దే ఫైలును ప్రొఫైల్ అంటారు. ఈ ఒక్క మాట తెలిసిన దగ్గర్నుంచి షాపులో అందరినీ వానపాముల్లా చూడటం మొదలెట్టాను.

సరిగ్గా అప్పుడే, ఉక్కు ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసే మా చిన్నాన్న రిటైరయ్యాడు. ఆ సాయంత్రమే ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారు హాల్లో వీడ్కోలు సభ. వేదిక వెనక కట్టే ఆయన నిలువెత్తు ఫోటో ప్రింటు చేసే పని నాది. ఆయన కోరిక ఒక్కటే.

"ఒరే, అందర్నీ చేసినట్టు నన్ను గోరా చెయ్యకు. మా బేచోళ్లు చూసి, ఈడు మనోడే అనాలి."

సైన్సు ప్రకారం వస్తుంది, నిశ్చింతగా ఉండమన్నాను. ముందు చిన్న ముక్క ప్రింటు తీసి చూడమన్నాడు గురూజీ. ప్రొఫైల్ ఉన్నవాడికి నమూనా దేనికని నవ్వాను.

ఫోటో దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్ వేశాను. ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కూడా తనంతట తాను మరోసారి వేస్తుందని, ఇద్దరిలో ఒకర్ని ఆపాలని వీడియోలో చెప్పే ఉంటారు. నేను చివరిదాకా చూస్తే కదా. అత్తా కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు పప్పులో ఉప్పు వేసినట్టయింది. మిషన్‌లోంచి ముందు జుట్టు వచ్చింది, బాగానే ఉంది. తర్వాత నుదురు వచ్చింది. నేను దేవుణ్ని తలుచుకున్నాను. గడ్డం దాకా వచ్చేసరికి చిన్నాన్న పండుమిరపకాయ అయిపోయాడు. కాగితం రోలు అయిపోయింది, కొత్తది రాయపూర్ నుంచి రావాలి. సభ వేళా దగ్గరపడింది.

దాన్నే కట్టారు. మిగతా పని హాల్లోని పసుపు బల్బులు పూర్తిచేశాయి. చిన్నాన్న వెళ్లి దాని పక్కనే నిలబడితే, ఆయన బేచ్ మొత్తం ఆ ముఖాన్నీ ఈ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. ముందు వరుసలో గురూజీ జిలేబీ తింటూ నన్నే చూశాడు.

ఇప్పుడు నా సొంత షాపులో చిన్న ముక్క తీసి చూడందే రోలు కదలనివ్వను. ఆ ముక్క చేతికొచ్చినప్పుడల్లా, ఆనాటి నాలోని శాస్త్రవేత్త గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత ధీమాగా ఉండేవాడో పాపం. సభ అయ్యాక కూడా, తప్పు బల్బులదే చిన్నాన్నా అని గొణిగాడు వాడు. చిన్నాన్న మెళ్లో దండ తీసి వాడి చేతిలో పెట్టాడు.

"ఏటిరా, ఇన్నేళ్లు ఫర్నేసు ముందర నిల్చున్నా నా రంగు మారనేదు. నీ సైన్సు ముందర ఒక్క పూట నిల్చుంటే కాలిపోనాను."